ఫ్రాంట్స్ మిక్లోషిచ్: జీవితం, కృషి – తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరీ మిక్లోషిచ్?

స్లావిక్ భాషలన్నిటినీ పక్కపక్కన పెట్టి, ధ్వనుల నుంచి వాక్యాల దాకా పోల్చి పూర్తి వ్యాకరణం రాసిన స్లొవీన్ పండితుడు. 1813 నవంబర్ 20న ల్యుతోమెర్ దగ్గరి రదొమెర్ష్చాక్ అనే ఊళ్లో పుట్టాడు. అప్పట్లో అది ఆస్ట్రియా సామ్రాజ్యంలోని స్టిరియా ప్రాంతం, ఇప్పుడు ఈశాన్య స్లొవేనియా. 1891 మార్చి 7న వియన్నాలో చనిపోయాడు. వియన్నా విశ్వవిద్యాలయంలో స్లావిక్ భాషాశాస్త్ర పీఠాన్ని మొదట అధిష్ఠించింది ఆయనే.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆయన సిద్ధాంతాల్లో కొన్ని కూలిపోయాయి, ఆయన పోగుచేసిన మాటలు మాత్రం నిలిచాయి. కింది జవాబులు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి.

పేరు ఎలా పలకాలి? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉందేం?

స్లొవీన్ రాతలో ‘సి’ అక్షరం ‘ట్స్’ అని పలుకుతుంది. అందుకే ఫ్రాంక్ కాదు, ఫ్రాంట్స్. ఇంటిపేరు మిక్లోషిచ్. ఆయన ఎక్కువగా జర్మన్‌లో, లాటిన్‌లో రాశాడు కాబట్టి పుస్తకాల మీద పేరు జర్మన్ వరసలో ఉంటుంది. 1864లో నైట్ హోదా వచ్చాక దానికి ‘ఫాన్’ కూడా చేరింది. గ్రంథాలయ జాబితాల్లో వెతికేటప్పుడు స్లొవీన్ రూపం, జర్మన్ రూపం రెండూ కొట్టండి. ఒక్కటే కొడితే సగం పుస్తకాలు కనబడవు. జర్మన్ స్పెల్లింగు చూసి ‘మిక్లోసిష్’ అని చదవడం మామూలుగా జరిగే పొరపాటు.

స్లొవీన్, స్లొవాక్, స్లావిక్ – మూడూ ఒకటేనా?

కాదు. స్లావిక్ అన్నది కుటుంబం పేరు. స్లొవీన్, స్లొవాక్ అందులోని రెండు వేర్వేరు భాషలు. స్లొవీన్ మాట్లాడే స్లొవేనియా రాజధాని ల్యుబ్ల్యానా, స్లొవాక్ మాట్లాడే స్లొవేకియా రాజధాని బ్రాతిస్లావా. మిక్లోషిచ్ స్లొవీన్.

న్యాయశాస్త్రం చదివినవాడు భాషల్లోకి ఎలా వచ్చాడు?

వరాజ్దిన్, మారిబోర్‌లలో హైస్కూలు చదువు, తర్వాత గ్రాట్స్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రంలో డాక్టరేట్. అక్కడే కొంతకాలం తత్వశాస్త్రం బోధించాడు. 1838లో వియన్నా చేరి న్యాయశాస్త్రంలోనూ డాక్టరేట్ తీసుకున్నాడు. వకీలుగా స్థిరపడాల్సిన మనిషిని యెర్నెయ్ కొపితార్ పరిచయం దారి మళ్లించింది. కొపితార్ కూడా స్లొవీనే. వియన్నా రాజ గ్రంథాలయంలో పనిచేస్తూ స్లావిక్ రాతప్రతులను పరిశోధించిన పండితుడు.

1844లో మూడు సంగతులు జరిగాయి. మిక్లోషిచ్‌కు ఆ రాజ గ్రంథాలయంలోనే ఉద్యోగం దొరికింది. ఫ్రాంట్స్ బాప్ రాసిన ఇండో-యూరోపియన్ తులనాత్మక వ్యాకరణం మీద ఆయన రాసిన సమీక్ష పండితుల కంట పడింది. ఆగస్టులో కొపితార్ కన్నుమూశాడు. గురువు పని శిష్యుడి చేతికి వచ్చింది. గ్రంథాలయ ఉద్యోగం 1862 దాకా వదల్లేదు. 1849లో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన తర్వాత కూడా రాతప్రతులున్న గదిని విడవకపోవడంలోనే ఆయన పనితీరు తెలుస్తుంది.

ఆయన తులనాత్మక వ్యాకరణం ఎన్ని సంపుటాలు? ఏ వరసలో చదవాలి?

నాలుగు. సంపుటాల అంకెలూ అచ్చయిన ఏళ్లూ ఒకే వరసలో ఉండవు, చాలామంది తడబడేది ఇక్కడే. మొదటి సంపుటం ధ్వనుల మీద, 1852. మూడోది విభక్తులు, క్రియారూపాల మీద, 1856. నాలుగోది వాక్యనిర్మాణం, 1868 నుంచి 1874 వరకు భాగాలుగా వచ్చింది. పదనిర్మాణం గురించిన రెండో సంపుటం అన్నిటికంటే ఆఖరున, 1875లో వచ్చింది. మొదటి, మూడో సంపుటాలను తిరగరాసి 1870లలో మళ్లీ అచ్చు వేయించాడు. వీటిలోంచి ఏదైనా ఉటంకించేటప్పుడు సంపుటంతో పాటు ముద్రణ సంవత్సరం తప్పకుండా రాయండి. మొదటి సంపుటం 1852 ముద్రణకూ 1879 ముద్రణకూ పేజీలే కాదు, అభిప్రాయాలూ మారాయి.

మొదటిసారి చదివేవాళ్లు నాలుగో సంపుటంతో మొదలుపెట్టడం మేలని మా అభిప్రాయం. ధ్వనుల భాగం పాతబడింది. వాక్యాల భాగంలోని ఉదాహరణల రాశి ఇప్పటికీ పనికొస్తుంది.

భాషల్ని పోల్చడమంటే ఖచ్చితంగా ఏం చేస్తారు? ఒక ఉదాహరణ చెప్పండి.

కొవ్వొత్తిని తీసుకుందాం. స్లొవీన్‌లో స్వేచ, సెర్బియన్‌లోనూ దాదాపు స్వేచే. రష్యన్‌లో స్వెచా, పోలిష్‌లో ష్వియెత్స, బల్గేరియన్‌లో స్వెష్ట్, 9వ శతాబ్దపు క్రైస్తవ గ్రంథాల భాష పాత చర్చి స్లావిక్‌లో స్వేష్ట.

ముందు అర్థమూ రూపమూ కలిసే మాటలను వరసగా రాస్తారు. తర్వాత ఎక్కడ తేడా వస్తోందో గుర్తిస్తారు. ఇక్కడ మాట మధ్యలో చ, త్స, ష్ట. ఒక్క మాటతో ఏదీ తేలదు. అందుకే అదే తేడా ఇంకో పది మాటల్లో అవే భాషల్లో అలాగే వస్తోందా అని చూస్తారు. వస్తే, వీటన్నిటికీ మూలంలో ఒకే ధ్వని ఉండి ఉండాలి. ఇక్కడ అది ‘త్య’. ‘వెలుగు’ అనే మాటలోని తకారానికి య చేరి, ఒక్కో భాషలో ఒక్కోలా మెత్తబడింది. రాని చోట ఆ మాట పక్క భాష నుంచి ఎరువు వచ్చిందేమో వెతుకుతారు.

‘ద్య’ కూడా ఇలాగే నడుస్తుంది. పొలం గట్టుకు, సరిహద్దుకు స్లొవీన్ మాట మెయ. పాత చర్చి స్లావిక్‌లో మెజ్ద. ఆ జకారాన్ని ష పలుకుతూ గొంతు మోగించినట్టు పలకాలి. రెండింటికీ మూలం ‘మెద్య’. సంస్కృతంలో ‘మధ్య’ దాని తోబుట్టువు. రెండు పొలాల మధ్యది కాబట్టి గట్టు అయింది.

ఈ స్వేచ–స్వేష్ట జత గుర్తుంచుకోండి, కిందికి మళ్లీ పనికొస్తుంది.

ఆయన లాటిన్ శీర్షికల్లో ‘స్లొవేనికా’ అని ఉంది. అవి స్లొవీన్ భాష పుస్తకాలేనా?

కావు. ఎక్కువమందిని బోల్తా కొట్టించేది ఇదే. 1845 ధాతుకోశంలోనూ, 1850 నిఘంటువులోనూ ఆ మాటకు అర్థం పాత చర్చి స్లావిక్. 9వ శతాబ్దంలో సిరిల్, మెథోడియస్ అనే అన్నదమ్ములు క్రైస్తవ గ్రంథాలు అనువదించిన భాష అది. జర్మన్ పుస్తకాల్లో ఆయన దాన్ని ‘పాత స్లొవీన్’ అనీ, ఇప్పటి స్లొవీన్‌ను ‘కొత్త స్లొవీన్’ అనీ పిలిచాడు. అది ఊరికే పెట్టిన పేరు కాదు, వెనక ఒక సిద్ధాంతం ఉంది.

ఏమిటా సిద్ధాంతం? ఎందుకు నిలబడలేదు?

పాత చర్చి స్లావిక్ పుట్టిల్లు పనోనియా అని కొపితార్ అన్నాడు, మిక్లోషిచ్ దాన్ని బలపరిచాడు. పనోనియా అంటే ఇప్పటి హంగరీలోని బలతోన్ సరస్సు పరిసరాలు. అక్కడ కొత్సెల్ అనే స్లావిక్ రాజు ఆ అన్నదమ్ములను ఆదరించాడు. ఆ భాష స్లొవీన్‌ల పూర్వీకులదేనని వీళ్ల వాదన.

ఆధారం లేకుండా చెప్పలేదు. పాత ప్రతుల్లో జర్మన్, లాటిన్‌ల నుంచి వచ్చిన చర్చి మాటలున్నాయి. ఉపవాసానికి ‘పోస్తు’, చర్చి ప్రార్థనకు ‘మిష’. ఇవి పడమటి మతబోధకుల నోట వచ్చిన మాటలు. గ్రీకు నేలలో ఎలా చేరతాయి? ప్రశ్న సరైనదే.

కానీ ఎరువు మాటలు భాష ఎక్కడెక్కడ తిరిగిందో చెబుతాయి, ఎక్కడ పుట్టిందో చెప్పవు. పుట్టుక తేల్చాలంటే ధ్వనులు చూడాలి. పైన చూసిన కొవ్వొత్తి మాటలో పాత చర్చి స్లావిక్‌కు ష్ట ఉంది. స్లొవీన్‌కు చ, బల్గేరియన్‌కు ష్ట. గట్టు మాటలోనూ అంతే, బల్గేరియన్‌దీ మెజ్దే. రెండు జతలూ ఆగ్నేయం వైపే వేలు చూపిస్తున్నాయి. అనువాదకులిద్దరూ ఇప్పటి గ్రీసులోని థెస్సలొనీకి వాళ్లు. వాళ్లు తమ ఊరి చుట్టుపక్కల స్లావిక్ మాండలికంలో పని మొదలుపెట్టారు, చర్చి మాటలు తర్వాత మొరావియా, పనోనియాలలో చేరాయి. 1890లలో వత్రోస్లావ్ ఒబ్లాక్ అనే యువ స్లొవీన్ పండితుడు మాసిడోనియా వెళ్లి, పాత చర్చి స్లావిక్‌లోని నాసిక్యాచ్చుల, అంటే ముక్కుతో పలికే అచ్చుల జాడలు థెస్సలొనీకి దగ్గరి పల్లెల మాండలికాల్లో ఇంకా ఉన్నాయని నమోదు చేశాడు. ఒబ్లాక్ 1896లో, 32 ఏళ్లు నిండకుండానే చనిపోయాడు. ఆయన మాసిడోనియా పుస్తకం ఆ ఏడాదే వచ్చింది. ఒక స్లొవీన్ నిలబెట్టిన సిద్ధాంతాన్ని పడగొట్టడానికి ముఖ్య ఆధారం తెచ్చినవాడు ఇంకో స్లొవీన్.

ఆయన నిఘంటువులు ఇప్పుడు వాడొచ్చా?

వాడొచ్చు, జాగ్రత్తగా. పెద్దది 1862–65లో వచ్చిన పాత స్లావిక్–గ్రీక్–లాటిన్ నిఘంటువు. ఆరోపాలు, అంటే అర్థం ఇచ్చే మాటలు సిరిలిక్ లిపిలో, అర్థాలు గ్రీకు, లాటిన్‌లలో. దీంతో వచ్చే చిక్కు, పాత ప్రతుల మాటలూ, చాలా తర్వాతి సెర్బియన్, రష్యన్ చర్చి ప్రతుల మాటలూ ఒకే వరసలో ఉంటాయి. మాట ఇందులో ఉంది కదా అని 10వ శతాబ్దంలో ఉందని రాసేస్తే తప్పు. కాబట్టి ముందు ఆరోపం చూడండి, పక్కన ఏ ప్రతి సంకేతం ఉందో రాసుకోండి, ఆ ప్రతి కాలం తేల్చుకోండి, తర్వాత ప్రాగ్‌లో తయారైన 4 సంపుటాల పాత స్లావిక్ నిఘంటువుతో సరిచూడండి. ప్రాగ్ నిఘంటువులో లేక ఇందులోనే ఉంటే, అది తర్వాతి మాట అయ్యే అవకాశం ఎక్కువ.

1886 నాటి వ్యుత్పత్తి నిఘంటువు స్లావిక్ భాషలన్నిటికీ కలిపి రాసింది. స్లొవీన్ మాటల పుట్టుక కోసమైతే దీని దగ్గర ఆగొద్దు. ఫ్రాంట్సె బెజ్లాయ్ మొదలుపెట్టిన 5 సంపుటాల నిఘంటువు, మార్కో స్నోయ్ ఒకే సంపుటంలో రాసినది చూడండి.

రోమా ప్రజల భాష మీద ఆయన ఏం చేశాడు? అందులో భారతదేశం మాటేమిటి?

తెలుగు పాఠకులకు ఆయన కృషిలో అన్నిటికన్నా దగ్గరగా వచ్చే భాగం ఇదే. ఐరోపాలో జిప్సీలని పిలవబడ్డవాళ్లు తమను తాము రోమా అంటారు. జిప్సీ అన్న పేరు చాలామందికి నొప్పి కలిగిస్తుంది, మేం వాడం. వాళ్ల భాష రోమానీ భారతదేశం నుంచి వెళ్లిందని 18వ శతాబ్దం చివరికే తేలింది. వెళ్లాక ఏ దారిన నడిచారన్నది మిక్లోషిచ్ పట్టుకున్న ప్రశ్న. దీని మీద 1872 నుంచి 1880 వరకు వియన్నా అకాడమీ ద్వారా 12 భాగాలు ప్రచురించాడు.

పద్ధతి చూడ్డానికి తేలిక. ప్రయాణంలో ఎక్కడ ఎక్కువకాలం ఆగితే అక్కడి మాటలు ఎక్కువ అంటుకుంటాయి. ఎరువు మాటలను పొరలుగా విడదీస్తే దారి బయటపడుతుంది. అంకెలు చూడండి: యేక్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్, షోవ్. ఇంతవరకు హిందీ తెలిసినవాళ్లు ఎవరైనా పోల్చుకుంటారు. తర్వాత ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా. ఈ మూడూ గ్రీకు. మళ్లీ పదికి దేష్, ఇరవైకి బిష్, అంటే మనవైపు మాటలే. అదృష్టానికి బఖ్త్, పర్షియన్ పొర. గుర్రానికి గ్రస్త్, ఆర్మేనియన్ పొర. దారికి ద్రోమ్, గుర్రపు లాడానికి పెతాలో, రెండూ గ్రీకు. ఇంగ్లండ్, స్పెయిన్, ఫిన్లండ్ దాకా ఎక్కడి రోమానీ తీసుకున్నా ఈ గ్రీకు పొర ఉంది. అంటే చెల్లాచెదురు కాకముందు అందరూ గ్రీకు మాట్లాడే నేలలో చాలాకాలం ఉన్నారు. ఈ నిర్ణయం నేటికీ చెక్కుచెదరలేదు.

ఐరోపా రోమానీని ఆయన 13 మాండలికాలుగా విభజించాడు. గ్రీకు, రుమేనియన్, హంగేరియన్, బొహీమియన్–మొరావియన్, జర్మన్, పోలిష్–లిథువేనియన్, రష్యన్, ఫిన్నిష్, స్కాండినేవియన్, ఇటాలియన్, బాస్క్, ఆంగ్లో-స్కాటిష్, స్పానిష్. పేర్లు చూస్తేనే లోపం తెలుస్తుంది. ఇవి వాళ్లున్న దేశాల జాబితా, మాండలికాల లోపలి తేడాల జాబితా కాదు. ఒకే దేశంలో రెండు మూడు రకాల రోమానీ ఉండొచ్చు. అందుకే 20వ శతాబ్దంలో వ్లాఖ్, బాల్కన్, మధ్య, ఉత్తర శాఖలంటూ భాషా లక్షణాలను బట్టి మళ్లీ విభజించారు.

రోమానీకి దగ్గరి భారతీయ భాష ఏదన్నాడు?

హిందూకుష్ వైపు దర్ద్ భాషలన్నాడు. కారణం, రోమానీలో పాత హల్లుల జంటలు నిలిచాయి. మూడుకు త్రిన్, ద్రాక్షకు ద్రఖ్, చేతికి వస్త్, అన్నదమ్ములకు ఫ్రల్. హిందీలో అవే మాటలు తీన్, దాఖ్, హాథ్, భాయీ అయి అరిగిపోయాయి. వాయవ్య భాషల్లో మాత్రం ఆ జంటలు ఉన్నాయి. అందుకే అటువైపు చుట్టరికం కట్టాడు.

1926లో రాల్ఫ్ టర్నర్ ఈ లెక్కను తిప్పేశాడు. పాతది నిలవడం చుట్టరికానికి రుజువు కాదు, ఇద్దరూ కలిసి ఒకేలా మారడమే రుజువు. అలా చూస్తే రోమానీ తొలి మార్పులు మధ్యదేశపు భాషలతో, అంటే హిందీ వైపు వాటితో కలుస్తాయి. ముందు మధ్యదేశం నుంచి కదిలి, వాయవ్యంలో చాలాకాలం ఉండి, తర్వాత బయటికి వెళ్లారని టర్నర్ తేల్చాడు. భాషల పోలిక మొదలుపెట్టేవాళ్లు మిక్లోషిచ్ పొరపాటు నుంచి నేర్చుకోవాల్సింది ఇదే. దాచుకున్న నగలు ఇద్దరి దగ్గరా ఒకేలా ఉన్నంత మాత్రాన అక్కాచెల్లెళ్లు కారు.

అయితే లంబాడీలూ రోమాలూ ఒకటేనా?

ఇద్దరి భాషలూ ఇండో-ఆర్యన్ కుటుంబానివే. అంతవరకే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ తండాల్లో వినబడే లంబాడీ రాజస్థానీకి దగ్గర. ఏడు, ఎనిమిది, తొమ్మిది అక్కడ సాత్, ఆట్, నవ్. రోమానీలో అవి గ్రీకు మాటలని పైన చూశాం. రోమానీలో నిలిచిన త్రిన్ వంటి జంటలు లంబాడీలో లేవు. ఒకదాని నుంచి ఇంకోటి పుట్టిందనడానికి భాషలో ఆధారం లేదు. వేషధారణ, సంచారం పోలికలు చూపించి ముడిపెట్టే వీడియోలను ఈ విషయంలో నమ్మకండి.

స్లొవీన్ మాటలు కొన్ని తెలుగులా వినిపిస్తాయెందుకు?

వినిపించేది తెలుగు కాదు, తెలుగులోకి వచ్చిన సంస్కృతం. ఓగెన్య్–అగ్ని, దిమ్–ధూమం, మెద్–మధువు, నెబో–నభం, వ్దోవ–విధవ, దన్–దినం, నోవ్–నవ. స్లావిక్, సంస్కృతం ఒకే ఇండో-యూరోపియన్ కుటుంబంలోవి. ఎలుగుబంటికి స్లొవీన్ మాట మెద్వేద్. దాని అసలు అర్థం ‘తేనె తినేది’, అంటే మధు + అద్. తెలుగు సొంత మాటలు నిప్పు, పొగ, తేనె, పగలు. వీటికి స్లావిక్‌లో తోబుట్టువులు లేవు. తెలుగు ద్రావిడ భాష. ఈ సంగతిని మద్రాసులోని ఆంగ్ల అధికారి ఎల్లిస్ 1816లో తెలుగు ఆధారంగానే నిరూపించాడు. బాప్ తొలి పుస్తకం వచ్చిందీ ఆ ఏడాదే. మిక్లోషిచ్ మూడో సంపుటం వచ్చిన 1856లోనే కాల్డ్వెల్ ద్రావిడ తులనాత్మక వ్యాకరణమూ వచ్చింది.

స్లొవీన్‌లో ద్వివచనం ఇంకా ఉందా?

ఉంది, బడిపిల్లలూ రోజూ వాడతారు. ఒక అన్న బ్రత్, ఇద్దరు బ్రత, ఎక్కువమంది బ్రత్యె. క్రియలో నేను పనిచేస్తాను దేలం, మేమిద్దరం దేలవ, మేమంతా దేలమో. సంస్కృతం చదివినవాళ్లు పఠామి, పఠావః, పఠామః గుర్తుచేసుకోండి. మ, వ, మ అదే వరస. తులనాత్మక వ్యాకరణం చప్పున అర్థం కావాలంటే ఈ ఒక్క పోలిక చాలు.

‘కర్త లేని వాక్యాలు’ గురించి ఆయన రాశాడంటారు. అదేమిటి?

‘ఉరుముతోంది’ అంటాం. ఏది ఉరుముతోంది? స్లొవీన్‌లోనూ అంతే, గ్ర్మీ అని ఒక్క క్రియ. ‘జేబె మె’ అంటే ‘నాకు చలేస్తోంది’. తెలుగులో చలి అనే నామం ఉంది, స్లొవీన్‌లో అదీ లేదు, ఉన్నది క్రియా, ‘నన్ను’ అనే కర్మా మాత్రమే. ప్రతి వాక్యానికీ కర్త ఉండి తీరాలన్న తర్కశాస్త్రుల మాటకు ఈ వాక్యాలు లొంగవని మిక్లోషిచ్ వాదించాడు. 1883లో వచ్చిన ఈ చిన్న పుస్తకం తత్వవేత్త బ్రెంటానో దృష్టినీ ఆకర్షించింది. జర్మన్‌లో ఇలాంటి చోట ‘ఎస్’ అనే డమ్మీ కర్త వస్తుంది. తెలుగువాళ్లకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి ఆయన వాదన మనకు తొందరగా ఎక్కుతుంది.

రాజకీయాల్లో ఉన్నాడా?

ఉన్నాడు, కొద్దికాలమే చురుగ్గా. 1848 విప్లవ సంవత్సరంలో వియన్నాలోని స్లొవీన్ సంఘానికి అధ్యక్షుడు. స్లొవీన్‌లు వేర్వేరు ప్రాంతాల్లో చీలి ఉండకుండా ఒకే పాలనావిభాగంగా ఉండాలన్న సంయుక్త స్లొవేనియా కార్యక్రమంలో ముందున్నాడు. ఆ ఏడాది పార్లమెంటుకు ఎన్నికయ్యాడు కూడా. 1850 మార్చి 28న సెర్బులు, క్రొయేట్‌ల ఉమ్మడి సాహిత్య భాష కోసం వియన్నాలో జరిగిన ఒప్పందం మీద సెర్బియన్ భాషా సంస్కర్త వూక్ కరజిచ్ తదితరులతో పాటు సంతకం చేశాడు. 1862 నుంచి ఎగువసభలో సభ్యుడు. ఆచార్యుడయ్యాక పుస్తకాలే లోకం.

ఇంకేవైనా భాషల మీద పనిచేశాడా?

అల్బేనియన్, రుమేనియన్‌లలోని స్లావిక్ మాటలు, ఆగ్నేయ ఐరోపా భాషల్లోని టర్కిష్ మాటలు, స్లావిక్ మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు. ఊరిపేర్ల పద్ధతి ఇప్పటికీ ఆదర్శం. మనిషి పేరు నుంచి పుట్టినవి వేరు, కొండ, చెట్టు, నీరు వంటి మామూలు మాటల నుంచి పుట్టినవి వేరు. ఈ రెండింటినీ కలిపి చూస్తే లెక్కలన్నీ తప్పుతాయి.

శిష్యులెవరు? ఆయన పేరున ఏముంది?

1886లో ఆయన పీఠం ఎక్కిన క్రొయేషియన్ పండితుడు వత్రోస్లావ్ యాగిచ్ శిష్యుడే. జానపద గేయాలు సేకరించిన కారెల్ ష్ట్రెకెల్, సాహిత్య చరిత్రకారుడు మతియా ముర్కో కూడా. ల్యుబ్ల్యానా రైల్వే స్టేషన్ నుంచి ఊరి మధ్యకు వెళ్లే వీధి మిక్లోషిచెవ త్సెస్త. దాని పక్కనే ఆయన పేరున్న పార్కు, అందులో విగ్రహం. ల్యుతోమెర్ హైస్కూలుకూ ఆయన పేరే.

ఆయన అచ్చు వేయించిన రాతప్రతులు చూడాలంటే?

సుప్రశల్ ప్రతితో మొదలుపెట్టండి. సిరిలిక్‌లో ఉన్న పాత స్లావిక్ ప్రతుల్లో అతి పెద్దది, 285 ఆకులు. 1823లో ఇప్పటి పోలండ్‌లోని సుప్రశల్ మఠంలో బయటపడింది. కొంత భాగం నకలు కోసం కొపితార్‌కు పంపారు. ఆయన పోయాక 118 ఆకులు ఆయన పుస్తకాలతో పాటు ల్యుబ్ల్యానా చేరి అక్కడే ఉండిపోయాయి. 151 ఆకులు వార్సాలో, 16 సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాయి. మిక్లోషిచ్ 1851లో దీన్ని అచ్చు వేశాడు. పాఠం ఉటంకించాల్సి వస్తే ఆయన ముద్రణ మీద ఆధారపడకుండా తర్వాతి ముద్రణలనూ, ఆకుల ఫొటోలనూ చూడండి. మూడు ఊళ్ల ఆకులకూ కలిపి వరస సంఖ్యలు వేసిన ముద్రణ ఎంచుకుంటే, ఏ ఆకు ఎక్కడుందో వెతుక్కునే పని తప్పుతుంది.